ఫ్యానుకో స్విచ్చి, లైటుకో స్విచ్చి

మీ ఇంట్లో రాత్రిళ్లు ముఖం మీద తువ్వాలు కప్పుకుని పడుకునేవాళ్లు ఉన్నారా? దోమలకు భయపడి కాదు, లైటు పడలేక. ఫ్యాను తిరగాలంటే లైటు వెలగాల్సిందే. లైటు ఆపితే ఫ్యానూ ఆగిపోతుంది. రెండిటికీ ఒకటే స్విచ్చి. మే నెలలో విజయవాడలో ఫ్యాను లేకుండా నిద్రపోవడం అయ్యే పని కాదు కాబట్టి చివరికి తువ్వాలే గతి.

నాకు తెలిసిన ఒక పెద్దాయన ఇంకో దారి కనిపెట్టాడు. రోజూ రాత్రి పదింటికి స్టూలెక్కి, చేతికి జేబురుమాలు చుట్టుకుని, కాలిపోతున్న బల్బును నొక్కి తిప్పి ఊడదీసి కిటికీలో పెట్టేవాడు. పొద్దుగూకగానే మళ్లీ స్టూలెక్కి తగిలించేవాడు. ఇలా ఆరేళ్లు. ఎందుకండీ ఇదంతా అంటే, "వైరింగు జోలికి పోతే ప్రమాదం కదా" అన్నాడు. డెబ్భై ఏళ్ల మనిషి రోజుకు రెండుసార్లు స్టూలెక్కడం మాత్రం ఆయన లెక్కలో ప్రమాదం కాదు.

మనలో చాలామంది ఈ ఇబ్బందిని ఏళ్ల తరబడి భరించడానికి కారణం డబ్బు కాదు. ఎలక్ట్రీషియన్ వచ్చి, పైకి ఒకసారి చూసి, "గోడ పగలగొట్టాలండీ" అంటాడు. ఆ ఒక్క మాటకు మన నోరు పడిపోతుంది. గోడ నిజంగా పగలగొట్టాలా, పదిసార్లలో ఎన్నిసార్లు ఆ అవసరం పడుతుంది, వేరే దారులు ఏమున్నాయి అని అడగడానికి మన దగ్గర మాటలుండవు. ఈ అధ్యాయం చదివాక మీరు ఎలక్ట్రీషియన్ అయిపోరు, కానీ ఎలక్ట్రీషియన్‌తో మాట్లాడగలుగుతారు. ఈ పనికి అది చాలు.

ముందు ఒక చిన్న లెక్క. దీన్ని దాటితే మిగతాదంతా సులువు.

రెండు మడులకు విడివిడిగా నీళ్లు పెట్టాలనుకోండి. బోదెలు రెండు కావాలి, ఒక్కో బోదెకు ఒక్కో తూము కావాలి. మురుగు పోయే కాలువ మాత్రం రెండిటికీ ఒకటే చాలు. కరెంటు సంగతీ అంతే. లైటుకు ఒక ఫేజు వైరు, ఫ్యానుకు ఒక ఫేజు వైరు, ఒక్కోదానికి ఒక్కో స్విచ్చి. న్యూట్రల్ మాత్రం రెండిటికీ కలిపి ఒకటి సరిపోతుంది. అంటే పైన శ్లాబు దగ్గరికి మూడు వైర్లు రావాలి, ఎర్త్‌తో కలిపితే నాలుగు. రెండే వస్తున్నాయా? మీ కష్టానికి మూలం అదే. లైటున్న ఫ్యాను మోజుపడి కొని, పెట్టె విప్పాక ఈ లెక్క చూసుకునేవాళ్లే ఎక్కువ. ఫ్యాను కొనకముందే పైన వైర్లు లెక్కపెట్టండి.

ఇక పనిలోకి దిగుదాం.

1. మేన్ ఆపితే సరిపోదు, ఇన్వర్టర్ కూడా ఆపండి

దీన్ని మొదట పెట్టడానికి కారణం నా సొంత అనుభవం. ఒక ఆదివారం మధ్యాహ్నం మా పడకగదిలో ఫ్యాను గిన్నె దించి చూద్దామని మేన్ ఆఫ్ చేశాను. ఫ్రిజ్ ఆగిపోయింది, టీవీ ఆగిపోయింది. ఇంకేం, స్టూలెక్కి కనెక్టరు విప్పబోయాను. మోచేతి దాకా జివ్వుమంది. నా అదృష్టం కొద్దీ స్టూలు పక్కన మంచం ఉంది, దానిమీద పడ్డాను. పడుకుని పైకి చూస్తూ ఆలోచిస్తే అప్పుడు తట్టింది. మేన్ ఆపగానే ఇన్వర్టర్, పాపం, కరెంటు పోయిందనుకుని తన పని తాను చేసింది. పడకగది ఫ్యాను ఇన్వర్టర్ లైను మీద ఉంది. దాన్ని అలా పెట్టించమని పట్టుబట్టింది కూడా నేనే.

కాబట్టి మేన్ ఆపండి. ఇన్వర్టర్ స్విచ్చి కూడా ఆపండి. బ్యాటరీ మీద పనిచేసే ఆ పెట్టెలోంచి వచ్చేది కూడా 230 వోల్టులే, అది మనిషిని చూసి తగ్గదు.

ఆ తర్వాత టెస్టర్. దాన్ని మూడుసార్లు వాడాలి. మేన్ ఆపకముందు పనిచేస్తున్న సాకెట్‌లో పెట్టి టెస్టర్ వెలుగుతోందో లేదో చూడండి. ఆపాక మీరు ముట్టుకోబోయే వైర్లన్నిటి మీదా పెట్టి చూడండి. అంతా అయ్యాక కరెంటు వేసి అదే సాకెట్‌లో మళ్లీ పెట్టండి. సగం టెస్టర్లు సామాను డబ్బాలో పడి పడి లోపల నియాన్ దీపం పోయినవే. పోయిన టెస్టర్ అన్ని వైర్లకూ "భయం లేదు" అనే చెబుతుంది.

2. స్విచ్ బోర్డు విప్పి చూడండి, మీరు అదృష్టవంతులు కావచ్చు

కొన్ని పాత ఇళ్లలో లైటూ ఫ్యానూ వేరువేరు వైర్లతోనే బోర్డు దాకా వస్తాయి. బోర్డులో ఖాళీ లేకో, స్విచ్చి పాడైతే కొత్తది కొనే ఓపిక లేకో, ఎవరో రెండు వైర్లనూ కలిపి ఒకే స్విచ్చికి బిగించేసి ఉంటారు. ప్లేటు విప్పి ఆ స్విచ్చి వెనక చూడండి. ఒక పక్క స్క్రూకి మేన్ నుంచి వచ్చే ఫేజు ఉంటుంది, పక్క స్విచ్చిలకు అందిస్తూ పోయే లూపు వైరు కూడా దానికే ఉంటుంది. రెండో పక్క స్క్రూ నుంచి వైరు పైకి వెళుతుంది. ఆ రెండో పక్క ఒకటికి బదులు రెండు వైర్లు మెలేసి ఉంటే సంబరపడండి. గోడ లేదు, పైపు లేదు. ఒక వైరు విడదీసి పక్కన కొత్త స్విచ్చికి బిగించి, ఆ స్విచ్చికి ఒక లూపు వేస్తే చాలు. పావుగంట పని.

కొత్త లూపు ఎక్కడి నుంచి తీసుకోవాలో మాత్రం జాగ్రత్త. ఇన్వర్టర్ ఉన్న ఇళ్లలో చాలా బోర్డుల్లో లూపులు రెండుంటాయి, ఒకటి ఇన్వర్టర్‌ది, ఒకటి డైరెక్టు లైనుది. పాత స్విచ్చి ఏ లూపు మీద ఉందో కొత్తదీ దానిమీదే ఉండాలి. ఫేజు ఒక లైను నుంచి, న్యూట్రల్ ఇంకో లైను నుంచి వచ్చిందంటే, మీ ఇంట్లో ఆర్.సి.సి.బి. ఉన్నట్టయితే లైటు వేయగానే ఇల్లంతా చీకటి. వెళ్లే కరెంటు, తిరిగొచ్చే కరెంటు సమానంగా లేకపోతే పడిపోవడమే దాని ఉద్యోగం. ఇళ్లలో పెట్టేవి సాధారణంగా 30 మిల్లీ ఆంపియర్ల తేడాకే పడిపోతాయి. చాలామంది ఆర్.సి.సి.బి. చెడిపోయిందని తిట్టుకుని దాన్ని పీకించేస్తారు. దొంగను పట్టించిన కుక్కను కొట్టినట్టు.

3. మూడో వైరు లేదా? పైపును అడగండి

శ్లాబులో, గోడలో పైపు వేసి కట్టిన ఇల్లయితే ఉన్న పైపులోంచే ఇంకో వైరు లాగొచ్చు. అందులో రెండో మూడో సన్నని వైర్లే ఉంటాయి కాబట్టి ఇంకోదానికి తరచుగా చోటుంటుంది. ఎలక్ట్రీషియన్ల దగ్గర పొడుగాటి స్ప్రింగు ఉంటుంది, దాన్ని ఫ్యాన్ బాక్సు వైపు నుంచి తోస్తే బోర్డులో తేలుతుంది. దాని కొసకు కొత్త వైరు కట్టి, వైరుకు పౌడరు రాసి, ఒకరు కింద నుంచి అందిస్తుంటే ఇంకొకరు పై నుంచి లాగుతారు. ఇది ఇద్దరి పని. ఒంటరిగా లాగేవాడు అందించడానికి కిందికి, లాగడానికి పైకి తిరిగి తిరిగి చివరికి విసుగొచ్చి గట్టిగా గుంజుతాడు, లోపల వైరు తోలు ఊడుతుంది.

ఎలక్ట్రీషియన్ "గోడ పగలగొట్టాలండీ" అన్నప్పుడు మీరు అడగాల్సింది ఇదే: "స్ప్రింగు పెట్టి ఒకసారి చూద్దామా అన్నా, వెళ్లకపోతే అప్పుడు ఆలోచిద్దాం." ఈ మాట విన్నాక చాలామంది స్వరం మారుతుంది. కొందరు నవ్వుతూ సంచిలోంచి స్ప్రింగు తీస్తారు.

వైరు ఎంత కొనాలి? పన్నెండడుగుల గదిలో నాలుగడుగుల ఎత్తున బోర్డు ఉందనుకుంటే అక్కడి నుంచి శ్లాబుకు ఆరడుగులు, శ్లాబులో గది మధ్యకు మరో ఏడెనిమిది, రెండు కొసలా బిగించుకోవడానికి ఒక్కో అడుగు. ఆరు మీటర్లు తీసుకుంటే పైన కాస్త మిగులుతుంది. ఫుల్ కాయిల్ 90 మీటర్లుంటుంది, మీకు అంత అక్కర్లేదు, కోసి ఇచ్చే కొట్టుకు వెళ్లండి. ఐ.ఎస్.ఐ. గుర్తున్న రాగి వైరు, లైటుకూ ఫ్యానుకూ 1 లేదా 1.5 స్క్వేర్ ఎం.ఎం. ధారాళంగా సరిపోతుంది. మామూలు ఫ్యాను తినేది 75 వాట్ల చుట్టుపక్కల, అంటే ఆంపియర్‌లో మూడో వంతు. దానికి ఏసీకి వేసే లావు వైరు వేయించి గొప్పగా చెప్పుకునేవాళ్లున్నారు. ఆ లావు వైరే పైపులో ఇరుక్కుని పని చెడగొడుతుంది.

రంగు మాత్రం ఇప్పుడున్న వైర్లలో లేనిది కొనండి. పాత ఫేజు ఎరుపైతే కొత్తది పసుపో నీలమో.

4. పైపు మొరాయిస్తే

స్ప్రింగు ఎక్కడో మలుపులో ఆగిపోతుంది. కాంక్రీటు పోసిన రోజు పైపు నలిగి ఉంటుంది, లేదా సిమెంటు పాలు లోపలికి దిగి గట్టిపడి ఉంటాయి. పది నిమిషాలు ప్రయత్నించి వదిలేయండి. శ్లాబు మాత్రం చెక్కించకండి.

మిగిలినవి రెండు దారులు. గోడ మీదుగా, కప్పు మీదుగా తెల్ల కేసింగ్ పట్టీ వేయించడం ఒకటి. అందం తగ్గుతుందని ఇంట్లో గొడవవుతుంది. గోడ మూల వెంబడి తీసుకెళ్లి, రంగేసేటప్పుడు దానికీ ఒక చేయి వేయిస్తే నెల తర్వాత ఎవరి కంటికీ ఆనదు. రెండోది రిమోటు. పైకి వచ్చే రెండు వైర్లనూ ఫ్యాను గిన్నెలో పెట్టే చిన్న పెట్టెకు ఇస్తే, ఆ పెట్టె లైటునూ ఫ్యానునూ విడివిడిగా ఆడిస్తుంది. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లకు నేను చెప్పేది ఇదే. పెద్దవాళ్లున్న ఇంటికి మాత్రం చెప్పను. అర్ధరాత్రి దిండు కింద రిమోటు వెతుక్కోవడం కన్నా గోడ మీద స్విచ్చి వెయ్యి రెట్లు నయం.

బి.ఎల్.డి.సి. ఫ్యాను కొన్నవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. గోడ మీది పాత రెగ్యులేటర్‌ను దాని దారిలోంచి తీసేయించాలి. దాని వేగం చూసుకునే ఏర్పాటు దాని కడుపులోనే ఉంటుంది. పైన ఇంకో పెత్తనం ఉంటే అది సరిగ్గా పనిచేయదు, త్వరగా పాడైపోతుంది కూడా.

5. పచ్చ వైరు జోలికి వెళ్లకండి

ఇది చదివి "ఎవరు వెళ్తారండీ" అంటారు. వెళ్తారు. పైన చూస్తే ఎరుపు, నలుపు, పక్కన ఖాళీగా మడిచి పెట్టిన పచ్చ వైరు. స్ప్రింగు ఎక్కడం లేదు. సాయంత్రం ఆరైంది. ఆ సమయంలో అది అందరికీ ఉచితంగా దొరికిన మూడో వైరులాగే కనిపిస్తుంది. దాన్నే లైటు ఫేజుగా వాడేస్తే లైటు చక్కగా వెలుగుతుంది, ఆర్నెల్లు ఏమీ జరగదు. తర్వాత ఒకరోజు ఇంకెవరో వచ్చి, పచ్చ వైరు అంటే ఎర్తే కదా అని దాన్ని తీసి ఫ్యాను బాడీకి బిగిస్తారు. అప్పుడు మొత్తం ఫ్యాను మీద 230 వోల్టులు. ఎర్త్‌ను న్యూట్రల్‌గా వాడటమూ అంతే తప్పు. మీ ఎలక్ట్రీషియన్ ఆ ఆలోచన నోటితో అన్నా సరే, టీ ఇచ్చి పంపించేయండి.

6. స్విచ్చి ఫేజునే ఆపాలి

పాత ఇళ్లలో, ముఖ్యంగా చెక్క పట్టీల మీద వైరింగు ఉన్న ఇళ్లలో, కొన్నిచోట్ల స్విచ్చి న్యూట్రల్‌ను ఆపుతుంటుంది. లైటు ఆరిపోతుంది గనక ఎవరికీ అనుమానం రాదు. కానీ హోల్డరులో కరెంటు అలాగే కూర్చుని ఉంటుంది. బల్బు మార్చేవాడి కోసం. మా పెద్దాయన జేబురుమాలు గుర్తుందా? ఆయన స్విచ్చి ఆపాక పీకినా, వేశాక పీకినా తేడా లేకపోయిందని తర్వాత బోర్డు విప్పినప్పుడు తెలిసింది.

ఎలా కనిపెట్టాలి? స్విచ్చి ఆఫ్‌లో ఉండగా పాయింటు దగ్గర టెస్టర్ పెడితే వెలగకూడదు. ఎల్.ఈ.డి. బల్బు ఉన్నవాళ్లకు ఇంకో గుర్తు దొరుకుతుంది. లైటు ఆపి గది చీకటి చేసి చూస్తే బల్బు పూర్తిగా ఆరకుండా మిణుగురులా మసగ్గా వెలుగుతుంటుంది. దానికి వేరే కారణాలూ ఉండొచ్చు గానీ మొదట అనుమానించాల్సింది దీన్నే.

పాత ఇంటివాళ్లకు ఇంకో మాట. లోపల తెల్లగా మెరిసే అల్యూమినియం వైరు కనిపిస్తే దానికి కొత్త రాగి వైరును నేరుగా మెలేసి టేపు చుట్టనివ్వకండి. ఆ అతుకు కొన్నాళ్లకు వదులై వేడెక్కుతుంది. అలాంటి ఇంట్లో ఒక్క గది సరిచేయడం కన్నా మొత్తం వైరింగు మార్పించడానికి డబ్బు కూడబెట్టడం మొదలుపెట్టండి.

7. బిగింపు: వరస, అతుకు

కింద బోర్డులో ఫ్యాను వరస ఇది: ఫేజు, స్విచ్చి, రెగ్యులేటర్, అక్కడి నుంచి పైకి. లైటు వరసలో రెగ్యులేటర్ ఉండకూడదు. ఒకరింట్లో సినిమా హాల్లోలాగా ఫ్యాను తగ్గిస్తే లైటు కూడా తగ్గుతోందని మురిసిపోయారు. వారం రోజులకు లైటు టపటపా కొట్టుకుంది, తర్వాత పోయింది.

పైన కొత్త ఫ్యానులో మూడు కొసలుంటాయి, ఫ్యాను ఫేజు, లైటు ఫేజు, ఉమ్మడి న్యూట్రల్. ఏ కొస దేనిదో రంగు చూసి ఊహించకండి, ఫ్యానుతో వచ్చిన కాగితం చూడండి. ఇంట్లో ఉన్న వైర్ల రంగులను కూడా నమ్మకండి. బిల్డరు ఆ రోజు చేతికి దొరికిన కాయిల్‌తోనే లాగించి ఉంటాడు. టెస్టరే సాక్షి.

అతుకు గురించి కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే ఈ పనిలో తర్వాత వచ్చే తలనొప్పులన్నీ ఇక్కడే పుడతాయి. వైరు తోలు సెంటీమీటరు మేర తీయండి, అంతకన్నా వద్దు. పళ్లతో పీకొద్దు. కటింగ్ ప్లేయర్‌తో తోలు తీసేటప్పుడు లోపలి రాగి పోగులు తెగితే ఆ ముక్క కోసేసి మళ్లీ తీయండి. పోగులన్నీ ఒక్కటిగా మెలేసి కనెక్టరు రంధ్రంలోకి పూర్తిగా దింపాలి, ఒక్క పోగు కూడా బయట మీసంలా నిలబడకూడదు. స్క్రూ బిగించాక వైరు పట్టుకుని లాగి చూడండి. చేతికి వచ్చేసిందా? మంచిదే, ఇప్పుడే వచ్చింది. పైపు లోపల అతుకు మాత్రం ఎప్పటికీ వద్దు. ఆరు మీటర్లకు బదులు ఐదే కొన్నారనుకోండి, ఇంకో మీటరు అతికించి పైపులోకి తోయకండి. మళ్లీ కొట్టుకు వెళ్లండి.

8. ఏది మీ పని, ఏది కాదు

1956 నాటి భారత విద్యుత్ నిబంధనల్లో 45వది ఈ గీత చాలా ఏళ్ల కిందే గీసింది. బల్బులు, ఫ్యాన్లు, ఫ్యూజులు, స్విచ్చిలు ఉన్నవాటి స్థానంలో ఉన్నట్టుగా మార్చుకోవచ్చు. కొత్తగా వైరు లాగడం, పాయింటు పెంచడం లైసెన్సు ఉన్నవాళ్లతోనే చేయించాలి. 2010లో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ తెచ్చిన నిబంధనల్లోనూ ఇదే గీత కొనసాగింది. కాబట్టి లెక్కపెట్టడం, బొమ్మ గీసుకోవడం, సామాను తేవడం, పక్కన నిలబడి చూడటం మీవి. వైరు లాగి బిగించడం అతనిది. ఇలా చెబితే కొందరు పాఠకులకు నిరుత్సాహంగా ఉంటుందని తెలుసు. యూట్యూబులో చూసి చేసేయగలమని మీకనిపిస్తుంది, చేసేయగలరు కూడా. కానీ సరిగ్గా చేశారా లేదా చెప్పేవాళ్లెవరు? లైటు వెలిగిందన్నది సాక్ష్యం కాదు. పచ్చ వైరు మీద కూడా లైటు వెలిగింది కదా.

అతను వెళ్లిపోకముందు డబ్బులు చేతిలో పట్టుకుని ఇవి చూడండి. లైటు ఒక్కటే వేయండి. ఫ్యాను ఒక్కటే వేయండి. రెండూ వేసి ఒక్కొక్కటే ఆపండి. రెగ్యులేటర్ అన్ని అంకెల మీదా తిప్పుతూ లైటును చూడండి, రెప్ప కూడా వేయకూడదు. మేన్ ఆపి ఇన్వర్టర్ మీద మళ్లీ ఇదంతా చేయండి. అరగంట పోయాక బోర్డు మీద అరచెయ్యి పెట్టండి, చల్లగా ఉండాలి. ఈలోగా అతనికి కాఫీ ఇవ్వండి. అరగంట ఆగడానికి అంతకన్నా మర్యాదైన మార్గం నాకు తెలియదు.

చివరగా ప్లేటు బిగించేముందు చిన్న కాగితం మీద బాల్ పెన్నుతో రాసి బోర్డు డబ్బా లోపల అంటించండి: "ఎరుపు ఫ్యాను, పసుపు లైటు, నలుపు రెండిటికీ. ఇన్వర్టర్ లైను." కింద తేదీ వేయండి. పెద్దాయన ఇంట్లో నేను అలాగే అంటించాను. ఆయన ఆ రాత్రి మంచం మీద పడుకునే చెయ్యి చాచి లైటు ఆపాడు, మళ్లీ వేశాడు, మళ్లీ ఆపాడు. స్టూలు ఇప్పుడు వాళ్లింట్లో తులసి కోట పక్కన ఉంది, దానిమీద బియ్యం చెరుగుతూ కూర్చుంటారు.